దుబాసికి లైసెన్సు

విశాఖపట్నంలో రాష్ట్ర యంత్రగణన సంస్థ అని ఒకటుందన్న సంగతి అందులో పనిచేసే పందొమ్మిది మందికీ, వాళ్ల ఇళ్లలోవాళ్లకీ తప్ప మరెవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మేన్ ఎవరైనా సరే మొదటి నెలంతా ఆ ఉత్తరాలను పక్కనున్న చేపల శీతలగిడ్డంగిలో ఇచ్చి పోయేవాడు. అలాంటి సంస్థకి ఏప్రిల్‌లో ఒకే రోజున రెండు ఉత్తర్వులు వచ్చాయి. జూన్ ముప్పయ్యో తేదీతో సంస్థను మూసివేస్తున్నామని మొదటిది. ఈలోగా సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’గా ప్రజలకు విడుదల చేయాలనీ, విడుదల కానిదాన్ని మూసివేత రోజున యంత్రంతో సహా ధ్వంసం చేయాలనీ రెండోది.

రెండో ఉత్తర్వుకు కారణం రాజధానిలో ఉన్న ఒక పెద్దాయన. ఆయన ఏదో సదస్సుకు వెళ్లి, భోజనాలకు ముందు మాట్లాడిన వక్త నోట ఫ్రీ సాఫ్ట్‌వేర్ అనే మాట విని ముగ్ధుడై తిరిగొచ్చాడు. భోజనాల తర్వాత ఆ మాటకు అర్థం వివరించారట గానీ, అప్పటికే ఆయన కారెక్కేశాడు.

ఇంతా చేసి ఆ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఒక్కటే. దాని పేరు దుబాసి. పూర్వం దొరలకీ రైతులకీ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాణ్ణి దుబాసి అనేవారు. ఈ దుబాసి మనిషి రాసిన ప్రోగ్రాంను యంత్రానికి తెలిసిన అంకెల్లోకి మార్చిపెట్టే కంపైలర్. ముప్పై ఒక్కేళ్ల కింద హైమవతి అనే ఇంజనీరు దాన్ని రాసింది. అప్పటినుంచీ దానికి మందూ మాకూ చూసుకుంటున్నదీ ఆవిడే. ఆ జిల్లాల్లో నలభై ఎత్తిపోతల పంపుహౌసుల్లో మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే చిన్న చిన్న బోర్డులన్నీ దుబాసి చెప్పిన మాటే వింటాయి. కానీ దుబాసి లోపలి రాత, అంటే సోర్సు, ముప్పై ఎనిమిది వేల పంక్తులు, ఇంతవరకూ సంస్థ బీరువా గడప దాటి ఎరగదు. ప్రతి కాగితం మీదా ‘రహస్యం’ అని ఎర్రముద్ర ఉంది.

మొదటి ఉత్తర్వు చదివి హైమవతికి ఒళ్లు మండింది. రెండోది చదివాక చల్లబడింది. సంస్థ పోతే పోయింది, దుబాసి బతుకుతుంది కదా అనుకుని, ఆ సాయంత్రమే ఒక పేజీ నోటు రాసి పైకి పంపింది.

‘దుబాసిని ఎవరైనా వాడుకోవచ్చు. లోపలి రాత చదువుకోవచ్చు. మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వవచ్చు. మార్చి ఇచ్చేవారు తమ మార్పులను కూడా ఇవే షరతుల మీద ఇవ్వాలి. ఇలాంటి స్వేచ్ఛనిచ్చే లైసెన్సు మనకు తగినది.’ అక్కడితో ఆగినా బాగుండేది. చదివేవారికి సులువుగా ఉంటుందని మరో నాలుగు ముక్కలు చేర్చింది. ‘ఉదాహరణకు పెరుగు తోడు. పక్కింటినుంచి ఒక చెంచా తోడు తెచ్చుకుని మన పాలు తోడుపెట్టుకుంటాం. ఇచ్చినవారికి తరిగేదేమీ లేదు. రేపు మనల్ని ఇంకొకరు తోడు అడిగితే లేదనకూడదు.’

ఈ ఉదాహరణ రాసినందుకు ఆవిడ తర్వాత చాలాసార్లు నాలిక్కరుచుకుంది.

లైసెన్సు ఎంపికకు ఒక కమిటీ పడింది. అధ్యక్షుడు ప్రత్యేకాధికారి వరాహమూర్తి. ముప్పై ఏళ్లు ఆబ్కారీ శాఖలో సారా కొట్లకూ బ్రాందీ షాపులకూ లైసెన్సులిచ్చిన చేయి గనుక, లైసెన్సు అనే మాట ఎక్కడ వినబడినా ప్రభుత్వానికి ఆయనే గుర్తుకొచ్చేవాడు. న్యాయసలహాదారు కామేశం. ఏ మాటైనా ‘లీగల్‌గా’ అని మొదలుపెట్టడం ఆయన అలవాటు. హైమవతి కమిటీలో సభ్యురాలు కాదు, ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే టీ ఇస్తారు, ఓటు ఇవ్వరు.

మొదటి సమావేశంలో వరాహమూర్తి ఆవిడ నోటును రెండు వేళ్లతో పట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించాడు.

“స్వేచ్ఛ అని రాసితిరి. ఏమిటిది?”

“ఫ్రీ అంటే ఇక్కడ స్వేచ్ఛ అని అర్థం సార్. డబ్బులు తీసుకోకపోవడం గురించి కాదు.”

“అమ్మా, స్వేచ్ఛ అను మాటను మనము ఆగస్టు పదిహేనున జెండా కింద తప్ప వాడరాదు. ఫైలులో వాడినచో ఎవరికి ఇచ్చితిరి, ఎంత కాలమునకు ఇచ్చితిరి అని పైవారు ప్రశ్న వేయుదురు. ఫ్రీ అనగా ఉచితము. ఉచిత బియ్యము, ఉచిత సైకిలు, ఉచిత కంటి అద్దములు. ఆ వరుసలో ఉచిత కంపైలరు.”

“లీగల్‌గా,” అన్నాడు కామేశం, “ఉచితం అన్నాక అర్హులు ఉండాలి సార్.”

నాలుగు గంటల టీ వచ్చేసరికి అర్హులు తేలిపోయారు. దుబాసి పొందగోరేవారికి తెల్ల రేషన్ కార్డు ఉండాలి. కుటుంబానికి ఒక్క కంపైలరే. ఇంట్లో కారుంటే అనర్హులు. ఒంటరి మహిళలకు ప్రాధాన్యం. ఒకసారి పొందినవారు అయిదేళ్లదాకా మళ్లీ చేయి చాపరాదు. పొందినదాన్ని ఇంకొకరికి ఇస్తే క్రిమినల్ కేసు.

“ఇంకొకరికి ఇవ్వడమే కదా సార్ ఇందులో అసలు సంగతి!” అంది హైమవతి.

“రేషను బియ్యమును పక్కదారి పట్టించుట నేరమని తమకు తెలియదా?” అని వరాహమూర్తి చాలా బాధపడ్డాడు. చదువుకున్నవాళ్లు ఇలా మాట్లాడితే ఆయనకు నిజంగానే బాధ కలుగుతుంది.

మే నెల రెండోవారంలో ఫోను వచ్చింది. కొత్తకోవెల ఎత్తిపోతల పథకంలో పంపు ఆపరేటరు సన్యాసినాయుడు. ఇరవై ఏళ్లుగా దుబాసితో కాపురం చేస్తున్న మనిషి. హైమవతికి పెద్దల్లుడు పేరు మరిచిపోయినా నాయుడి గొంతు మాత్రం గుర్తే.

“అమ్మగోరూ, మా పంపుహౌసు బోర్డు కాలిపోనాది. కొత్త బోర్డంటే ఒచ్చింది గానీ, అది మన దుబాసి మాట ఇనట్నేదు. పాతది ఒక బాసైతే ఇది ఇంకో బాసంట. ఆ లోపలి రాత ఇప్పించీయండి, మా పాలిటెక్నిక్ మాస్టారు సరిసేసీసుకుంతాడు.”

“లైసెన్సు తేలాలి నాయుడుగారూ. కమిటీ కూర్చుంది.”

“కూసుంటే కూసుంది, ఎప్పుడు లెగుత్తాది?”

హైమవతి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

“జూలై మొదటోరానికి ఆకుమళ్లకి నీరెట్టాలమ్మా. ఆరొందల ఎకరాలు. నీరు రాపోతే మా ఊరోల్లు నన్ను ఆ పంపుహౌసులోనే ఎట్టీసి తాళమేసెత్తారు. మరేటి సేత్తాను నాను?”

పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సులో పంపితే రెండు నిమిషాల పని. కానీ ఎర్రముద్ర ఉన్న రాత ఒక్క పంక్తి బయట దొరికినా, ఇచ్చినవాళ్ల పింఛనుతో పాటు పుచ్చుకున్నవాళ్ల మీద కేసు కూడా పెడతారు. తన పింఛను సంగతి ఎలా ఉన్నా, నాయుణ్ణి స్టేషను మెట్లెక్కించడానికి ఆవిడకి మనసొప్పలేదు. లైసెన్సు దొరికితేనే కొత్తకోవెలకు నీళ్లు. దొరక్కపోతే జూన్ ముప్పయిన దుబాసి కూడా దక్కదు. పైగా మిగతా ముప్పై తొమ్మిది పంపుహౌసుల బోర్డులు కూడా అదే వయసువి.

రెండో సమావేశానికి వరాహమూర్తి లైసెన్సు నమూనా పట్టుకొచ్చాడు. కొత్తగా ఏమీ రాయలేదు. రాయవలసిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు. తన పాత శాఖలోని ఫారంలో ‘మద్యము’ అని ఉన్నచోటల్లా కొట్టేసి పైన ‘కంపైలరు’ అని రాయించాడు. దాని ప్రకారం దుబాసిని బడికి, గుడికి వంద మీటర్ల లోపల వాడకూడదు. ఇరవై ఒక్కేళ్లు నిండనివారికి ఇవ్వకూడదు. అక్కడే కూర్చుని వాడడానికి ఒక లైసెన్సు, ఇంటికి తీసుకుపోయి వాడడానికి ఒక లైసెన్సు. గాంధీ జయంతి నాడు పూర్తిగా బంద్.

“సార్, పాలిటెక్నిక్ మాస్టారు వాడాలంటే ఎలా? అది బడే కదా!”

“గేటు దాటి వంద మీటర్లు కొలుచుకుని వాడుకొనవచ్చును.”

“అక్కడ మురిక్కాలువ ఉంది సార్.”

“కాలువ విషయమున ఎట్టి నిషేధమూ లేదు,” అన్నాడు వరాహమూర్తి ఉదారంగా.

హైమవతి తమాయించుకుని, మార్చుకునే హక్కు సంగతి ఎత్తింది. వరాహమూర్తి ముఖం గంభీరంగా మారింది.

“ఒకరు తయారుచేసిన సరుకు సీసా మూత తీసి, లోపల తమకు తోచినది కలుపుటను ఏమందురు?”

“లీగల్‌గా, కల్తీ సార్.”

“కల్తీకి ఏడాది జైలు. తమరు జైలునకు పంపు పనిని హక్కు అనుచున్నారు.”

“ఇది మందు కాదు సార్!” అని అరవబోయి, టీ గ్లాసు పట్టుకుని గొంతు తగ్గించింది హైమవతి.

“అమ్మా, లైసెన్సు అనునది ఒక పాత్ర. అందు ఏది పోసిననూ ఇముడును.”

మూడో సమావేశానికి ఫైలు లేదు. ఏమైందని ఆరా తీస్తే, నోటులో పాలు, పెరుగు ప్రస్తావన ఉన్నందువల్ల అభిప్రాయం కోసం పాడి పరిశ్రమాభివృద్ధి శాఖకు పంపారని తెలిసింది. హైమవతి వారం రోజులు ఆ ఆఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చేసి ఫైలు వెనక్కి తెచ్చింది. దాంతోపాటు జవాబూ వచ్చింది. ‘సదరు తోడు ఆవుపాలదో గేదెపాలదో తెలియపరచనందున అభిప్రాయము ఈయజాలము. నమూనా చెంచాడు పంపవలసినదిగా కోరడమైనది. నమూనా అందిన పిమ్మట తుది అభిప్రాయము పంపబడును.’ ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఆగక కళ్లల్లో నీళ్లొచ్చాయి. అవి నవ్వువల్ల వచ్చినవో కాదో ఆవిడకే తెలియలేదు. అప్పటికి జూన్ ఎనిమిది.

పదో తేదీన వరాహమూర్తి ఏప్రిల్ నాటి రెండో ఉత్తర్వు మళ్లీ చదివి, ఒక చోట ఉలిక్కిపడ్డాడు. ‘సోర్సును బహిరంగపరచి’ అని ఉందక్కడ.

“బహిరంగపరచుట అనగానేమి?” అని కమిటీని అడిగాడు.

“లీగల్‌గా, నోటీసు బోర్డు సార్,” అన్నాడు కామేశం. “బ్రాందీ షాపు పెట్టేముందు చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు పిలవమూ? అలాగే.”

“భేష్. సోర్సు యావత్తూ అచ్చుతీయించి బోర్డుకు అంటించి, పదిహేను దినములు అభ్యంతరములు పిలువుడు. పిమ్మట లైసెన్సు సంగతి చూతము. అమ్మా, నోటీసు తమరే టైపు చేయించుడు. మామూలు నమూనాయే.”

మామూలు నమూనా ఎలా ఉంటుందో హైమవతి ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో ఎన్నోసార్లు చూసింది గానీ, ఒక్కసారీ అడుగుదాకా చదవలేదు. ఎవరూ చదవరు. ఎప్పుడో మద్రాసు రోజుల్లో చెరువు పనుల నోటీసు కోసం పేరు లేని గుమాస్తా ఎవరో రాసిన వాక్యాలవి. ఎవరూ చదవలేదు గనుక ఎవరూ తీసేయలేదు. ఆ రోజు టైపు చేయించడానికి కూర్చుంది గనుక చదివింది.

‘ఈ ప్రకటనను, దీనికి జతపరచిన పత్రములను ఎవరైనను ఏ పనికైనను వినియోగించుకొనవచ్చును. చదువుకొనవచ్చును, నకలు తీసుకొనవచ్చును, ఇతరులకు అందజేయవచ్చును, సవరించుకొనవచ్చును. సవరించి ఇతరులకు అందజేయువారు సవరించిన ప్రతిని అందరికిని తెలియునట్లు ఇదే బోర్డుపై, ఇవే షరతులకు లోబడి, అంటించవలెను.’

మూడుసార్లు చదివింది. లేచి నిలబడి మరోసారి చదివింది. రెండు నెలలుగా కమిటీ వెతుకుతున్న లైసెన్సు సర్కారు బోర్డుల మీద నూరేళ్లుగా వేలాడుతోంది. కాగితం పట్టుకుని వరాహమూర్తి గదిలోకి వెళ్లింది.

“సార్, ఈ కింది వాక్యాలు...”

“అవి ఎవరును చదవరమ్మా.”

“అయితే ఉంచేయమంటారా?”

“వానిని తొలగించుటకు మనకు అధికారము లేదు.”

“తొలగించమనడం లేదు సార్. మీ సంతకం మాత్రం సరిగ్గా వాటి కింద పడాలి.”

వరాహమూర్తి ఆకుపచ్చ సిరాతో, తేదీతో సహా, సంతకం చేశాడు.

సోర్సు ఏడువందల అరవై పేజీలైంది. ఉన్న బోర్డు పన్నెండు పేజీలకు సరిపోయింది. మిగతావి వరండా గోడలకు, మెట్ల పక్కన, సైకిల్ స్టాండు రేకులకు, అవీ చాలక చేపల గిడ్డంగి ప్రహరీకి అంటించారు. ప్రతి గోడనూ ‘బోర్డుగా భావించవలెను’ అని వరాహమూర్తి విడివిడిగా ఉత్తర్వులిచ్చాడు. పందొమ్మిది మంది ఉద్యోగులు బకెట్లతో మైదా జిగురు ఉడికించారు. ఇన్నేళ్లలో ఆ సంస్థలో అందరూ కలిసి చేసిన పని అదొక్కటే.

అభ్యంతరాలు వచ్చాయి. తన గోడ మీద తనకు తెలియని భాషలో ఏదో రాశారని గిడ్డంగి యజమాని ఒకటి ఇచ్చాడు. ఇదేదో ఉచిత పథకం జాబితా అనుకుని, అందులో తన పేరు లేదని ఒకాయన ఇచ్చాడు. రోజూ ఆ దారిన నడిచే రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు మాత్రం, నాలుగువందల పదకొండో పేజీలో ‘కన్నా తక్కువ’ అని ఉన్నచోట ‘కన్నా తక్కువ లేక సమానం’ అని ఉండాలని చీటీ రాసిచ్చారు. హైమవతి వెళ్లి చూసింది. నిజమే! వానాకాలంలో నాలుగైదు పంపులు కారణం తెలియకుండా ఆగిపోవడం, తను పదకొండేళ్లుగా జుట్టు పీక్కోవడం, అంతా ఆ ఒక్క చిహ్నం వల్లే. తన తప్పు అంత అందంగా దొరికిందని ఆవిడకి పండగలా అనిపించింది. ముప్పై ఏళ్ల కిందే ఈ కాగితాలు గోడెక్కి ఉంటే ఎంత బాగుండేదని ఏడుపూ వచ్చింది.

మూడోరోజున సన్యాసినాయుడు పాలిటెక్నిక్ మాస్టారిని వెంటబెట్టుకుని దిగాడు. చేతిలో ఫోను. గోడలన్నీ కలయజూసి నోరెళ్లబెట్టాడు.

“నకలు తీసుకోవచ్చా అమ్మగోరూ? పోలీసులు పట్టుకోరు గదా?”

“కింద రాసి ఉంది. చదవండి నాయుడుగారూ.”

నాయుడు వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. అడుగున ఆకుపచ్చ సంతకం దగ్గర వేలు ఆగింది.

“ఇదేటమ్మా! ఇది మీరు సెప్పే పెరుగు తోడే గదా!”

“గట్టిగా అనకండి. మళ్లీ పాడి శాఖకు పంపుతారు.”

రెండు రోజులపాటు ఇద్దరూ గోడ గోడకూ ఫొటోలు తీశారు. పాలిటెక్నిక్‌లో అన్ని బ్రాంచిలవాళ్లూ తలా ఇన్ని పేజీలు పంచుకుని కంప్యూటర్లలో ఎక్కించారు. ఇరవై నాలుగో తేదీన నాయుడు మళ్లీ వచ్చి, కొత్త బోర్డుకు తగినట్టు మార్చిన పద్నాలుగు పేజీలు సొంతంగా తెచ్చుకున్న జిగురుతో సైకిల్ స్టాండుకు అంటించి పోయాడు. లెక్కల మాస్టారి దిద్దుబాటు కూడా అందులో ఉంది.

జూన్ ముప్పయి. కమిటీ తుది నివేదిక చదివారు. ‘దుబాసికి తగిన లైసెన్సు ఏదియు లభ్యము కానందున దీనిని విడుదల చేయరాదని, ధ్వంసము గావించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ సమ్మెట వచ్చింది. ముప్పై ఒక్కేళ్లు తన పక్కన గుర్రుగుర్రుమన్న యంత్రం మీద మొదటి దెబ్బ పడినప్పుడు హైమవతి కళ్లు మూసుకుంది.

తర్వాత కామేశం ఒక ధ్రువపత్రం ముందుకు తోశాడు. ‘దుబాసి ప్రతి మరెచ్చటను లేదని ధ్రువీకరించుచున్నాను. సం. హైమవతి.’

“అబద్ధం రాయలేను సార్,” అంది ఆవిడ. “నోటీసు అడుగున మీరు సంతకం చేసిన వాక్యాలు ఒక్కసారి చదవండి.”

వరాహమూర్తి నోటీసు తెప్పించుకుని, జీవితంలో మొదటిసారి అడుగుదాకా చదివాడు. చదివి కామేశం వైపు చూశాడు. కామేశం చదివి పైకప్పు వైపు చూశాడు.

“లీగల్‌గా...” అన్నాడు కామేశం. నోటీసును మళ్లీ మొదటినుంచీ చదివాడు. “ఇది లైసెన్సే సార్. మీరు ఇచ్చినదే. వెనక్కి తీసుకోవడానికి ఇందులో ఎక్కడా వీలు లేదు.”

వరాహమూర్తి కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసు ఊరికే పోదు.

“అటులైనచో తీర్మానమును సవరించుడు,” అన్నాడు. “అధ్యక్షులవారు దూరదృష్టితో జూన్ పదవ తేదీనే తగిన లైసెన్సును ఎంపిక చేసి జారీ గావించియున్నారు. కమిటీ వారిని అభినందించుచున్నది. లైసెన్సు పేరు అను గడి ఖాళీగా ఉన్నది. ఏమని వ్రాయవలెను?”

“తోడు అని రాయండి సార్,” అంది హైమవతి.

ఆయన రాశాడు. రాసి, పక్కన చిన్న అక్షరాలతో ‘పాడి శాఖ తుది అభిప్రాయమునకు లోబడి’ అని చేర్చాడు.

హైమవతి సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చింది. గోడల మీద కాగితాలు సముద్రపు గాలికి రెపరెపలాడుతున్నాయి. అప్పుడే ఫోను మోగింది. ముందు మాటేమీ వినబడలేదు. పైపులోంచి విరుచుకుపడుతున్న నీళ్ల హోరు మాత్రమే వినబడింది. ఆవిడ మెట్ల మీద కూలబడి, ఫోను చెవికి అదుముకుని చాలాసేపు విన్నది.

“ఇనబడతందా అమ్మగోరూ?” అని నాయుడు హోరులోంచి అరిచాడు. “ఆకుమళ్లకి ఎక్కీసింది! ఇంకో మాట. పక్క పథకం, చింతలపాడోల్లు ఒచ్చి కూసున్నారు. ఆల్ల బోర్డూ కాలిపోనాదంట. మాకూ ఇయ్యమంతన్నారు. మరి ఇచ్చీమంతారా?”

హైమవతి కళ్లు తుడుచుకుంది.

“అడిగితే లేదనకూడదు నాయుడుగారూ,” అంది.